ఉన్మత్తుల బిడ్డలును త్రాగుబోతుల బిడ్డలును

యాజ్ఞవల్క్యస్మృతిలో దాయవిభాగమును జెప్పిన ఘట్టమున, ఆస్తిలో భాగము పొందరానివారి పట్టిక యొకటి కలదు. నపుంసకుడు, పతితుడు, పతితుని కొడుకు, కుంటివాడు, ఉన్మత్తుడు, జడుడు, గ్రుడ్డివాడు, చికిత్సకు లొంగని రోగము గలవాడు, వీరికి పాలు లేదు. కూడుగుడ్డలు మాత్రము తక్కినవారు సమకూర్పవలయును. ఈ పట్టికను జూచి మనవారు కొందఱు సిగ్గుపడుదురు, కొందఱు సమర్థింపబూనుదురు. దాని వెంటనే యున్న మాటను జదువువారు మాత్రము తక్కువ. అట్టివారికి పుట్టిన కొడుకులు తాము దోషము లేనివారైనచో భాగమునకు అర్హులే. కూతుండ్రను పెండ్లియగువఱకు పోషింపవలయును. మనుస్మృతి తొమ్మిదవ యధ్యాయమునను ఇంచుమించుగా ఇదే న్యాయము కలదు. తండ్రి మతి చెడినంతమాత్రమున బిడ్డ పాలు చెడదని దీని భావము.

ఐతే పట్టికలో పతితుని ప్రక్కనే పతితుని కొడుకును గూడ కూర్చుండబెట్టిరి. సురాపానము మహాపాతకములలో నొకటి గదా. శాస్త్రమును అక్షరము తప్పక నడిపినచో పిచ్చివాని కొడుకునకు చిక్కిన పాలు త్రాగుబోతు కొడుకునకు చిక్కకపోవును. రోగమును రోగముగను, త్రాగుడును పాపముగను జూచిన దృష్టి యిది. ఆస్తివిషయమున ఈ భేదములన్నియు క్రమముగా తొలగిపోయినవి. కులభ్రష్టుని ఆస్తి పోవుటను 1850 నాటి చట్టము మాన్పెను. 1928లో, పుట్టుకతోనే ఉన్మత్తులు జడులు ఐనవారు తప్ప, రోగులను వికలాంగులను దాయమునుండి తొలగింపరాదని మఱియొక చట్టము వచ్చెను. 1956 నాటి హిందూ వారసత్వ చట్టము ఆ మిగిలిన మినహాయింపును గూడ తుడిచివేసెను. కాని త్రాగుబోతు బిడ్డ తండ్రి పాపములో భాగస్వామి యను తలపు చట్టపుస్తకమునుండి పోయినంత సులభముగా వీధియరుగులమీదినుండి పోలేదు.

స్మృతికర్త బిడ్డకు పాలెంత యని యడిగెను. ఆ బిడ్డ ఆ యింట రాత్రులు ఎట్లు నిద్రించుచున్నాడని యడుగలేదు. వేయేండ్లకు పైబడిన నాటి గ్రంథమునుండి అంతకంటె కోరుట న్యాయము కాదు. ఆశ్చర్యమేమనగా, విజ్ఞానశాస్త్రము పుట్టి పెరిగిన పిదప గూడ ఆ ప్రశ్న నడుగుటకు చాలకాలము పట్టెను. అడుగుటకు ముందు అది మఱియొక ప్రశ్న నడిగెను. ఆ ప్రశ్న స్మృతికంటెను క్రూరమైనది.

పందొమ్మిదవ శతాబ్దపు తుదినుండి ఐరోపా అమెరికా దేశములలోని వైద్యులు మతిచెడినవారి బిడ్డలను లెక్కింపసాగిరి. వారి యుద్దేశము బిడ్డను కాపాడుట కాదు. రక్తమున చెడుగు ఎన్నితరములు దిగునో చూపుట. 1927లో అమెరికా సంయుక్తరాష్ట్రముల సర్వోన్నత న్యాయస్థానము, కేరీ బక్ అను యువతికి బిడ్డలు పుట్టకుండ శస్త్రచికిత్స చేయవచ్చునని తీర్పు చెప్పెను. ఆమె తల్లి బుద్ధిమాంద్యము గలదనిరి. ఆమెయు అట్టిదే యనిరి. ఆమె కూతురు వివియన్ ఏడునెలల పసికందుగా నున్నప్పుడు పరీక్షకై వచ్చిన యొక స్త్రీ, ఈ బిడ్డ చూపు సరిగా లేదన్నట్లు సాక్ష్యము చెప్పెను. దానితో మూడుతరములు పూర్తియైనవి. ఆ వివియన్ తరువాత బడికి పోయెను. 1931లో ఆ పిల్ల పేరు బడిలో బాగుగా చదువువారి గౌరవపట్టిక కెక్కెను. మఱుచటి యేట ఎనిమిదేండ్ల ప్రాయమున రోగముచే చనిపోయెను. న్యాయస్థానము మూడుతరముల చరిత్ర చూచితి ననుకొనెను గాని, మూడవతరమునకు సంబంధించిన ఉత్తమసాక్ష్యము ఒక బడి మార్కులపుస్తకమున నుండిపోయెను. నావంటి వృత్తివాడు ఈ సంగతి చదివినప్పుడు కొంచెము గర్వపడినచో పాఠకులు మన్నింతురు గాక.

జర్మనీలో ఈ త్రోవ ఎందాక పోయెనో యెల్లరకు తెలిసినదే. 1933 జూలైలో చేసి మఱుచటి యేటి మొదటనుండి అమలు జరిపిన చట్టము, స్కిజోఫ్రేనియా యను చిత్తవిచ్ఛేదరోగము, ఉన్మాదవిషాదములు మాఱిమాఱి వచ్చు రోగము, తీవ్రమైన త్రాగుడు, మఱికొన్ని వ్యాధులు గలవారిని బలాత్కారముగా గొడ్డువాండ్రను చేయుటకు అధికారమిచ్చెను. సుమారు నాలుగులక్షలమంది దీనికి గుఱియైరి. మ్యూనిచ్ నగరమున మనోవ్యాధుల ఆనువంశికతను పరిశోధించి 1916లో గ్రంథము ప్రకటించిన ఎర్న్‌స్ట్ రూడిన్ అను పండితుడే ఈ చట్టమునకు వ్యాఖ్య వ్రాసినవారిలో నొకడు. లెక్కలు వ్రాసిన చేయియే శిక్ష వ్రాసెను. రోగుల బిడ్డలనుగూర్చి ఎవరైన పరిశోధన మనగానే ఆ బిడ్డలు భయపడుటకు కారణము ఈ చరిత్రలో నున్నది.

ఆ భాషయే మాటలాడు జ్యూరిచ్ నగరమున, అదే లెక్క వేఱొక బుద్ధితో వేసినవాడు మాన్‌ఫ్రెడ్ బ్లాయిలరు. స్కిజోఫ్రేనియా యను పేరును 1908లో పెట్టిన యూజెన్ బ్లాయిలరు ఈయన తండ్రి. తండ్రి బర్క్‌హోల్జ్‌లి యను మనోవ్యాధి వైద్యశాలకు అధిపతిగా నుండుటచే కొడుకు ఆ ఆవరణముననే రోగులనడుమ పెరిగెను. 1942లో తానును ఆ పీఠమునకే వచ్చి 1969వఱకు నుండెను. ఆ తొలిదినములలో వైద్యశాలకు వచ్చిన రోగులలో 208మందిని ఎన్నుకొని, వారు మరణించువఱకో లేక ఇరువదియేండ్లకు పైగానో వారిని విడువక కనిపెట్టియుండెను. రోగము తగ్గినదా హెచ్చినదా యని చూచుటతో నాగక, వారి తోబుట్టువులనుగూర్చి, భార్యలనుగూర్చి, బిడ్డలనుగూర్చి విచారించెను. బిడ్డలు 184మంది. ఇరువదియేండ్లు ఒకే వైద్యుడు ఒకే కుటుంబము తలుపు తట్టుట యన నేమో యోచింపుడు. పసివాండ్రు పెద్దవారై, పెండ్లిండ్లు చేసికొని, పనులలో కుదురుకొనువఱకు ఆయన చూచెను. 1972లో ఆ గ్రంథము వెలువడెను.

ఆయన చూపినదేమి? తలిదండ్రులలో నొకరికి ఈ రోగమున్నచో బిడ్డలలో ఇంచుమించు పదింట నొకరికి వచ్చునని తక్కిన పరిశోధకులును చెప్పుచుండిరి. ఆ యొకరిని చూచి చట్టములు చేసినవారు మిగిలిన తొమ్మిదిమందిని చూడలేదు. బ్లాయిలరు వారిని చూచెను. బిడ్డలలో అధికసంఖ్యాకులు ఆరోగ్యవంతులై, జీవనోపాధి సంపాదించుకొని, సంసారములు నడుపుకొనుచుండిరి. మిక్కిలి దుర్భరమైన యిండ్లలో పెరిగినవారును ఇందులో నుండిరి. కష్టము కొందఱిని చెఱచినట్లే కొందఱిని గట్టిపఱచునేమో యని గూడ ఆయనకు తోచెను. అంతటితో సంతోషించి పుస్తకము మూసివేసిన మనుష్యుడు కాడు. ఆరోగ్యముగా నున్నవారి మనస్సులలో గూడ ఆ బాల్యపు నీడ తొలగలేదనియు, సుఖమనుభవించు సమయమున గూడ అది వారి సుఖముమీద వ్రాలుచుండె ననియు వ్రాసెను. ఆ రెండు మాటలును కలిపి చదువవలెను. మొదటిమాట మాత్రము పట్టుకొన్నవారు తరువాత పొరబడిరి; ఆ సంగతి ముందు చెప్పెదను.

1962లో కోపెన్‌హేగెన్ నగరమున స్కిజోఫ్రేనియా గల తల్లుల బిడ్డలు 207మందిని, అట్టి తల్లులు లేనివారు 104మందిని ఎన్నుకొని ఇంకొక దీర్ఘపరిశోధన మొదలయ్యెను. అది ముఖ్యముగా రోగము ఎట్లు పుట్టునో తెలిసికొనుటకు చేసినది. మన ప్రశ్నకు దగ్గఱగా వచ్చినవాడు లండనులోని మైకేల్ రట్టరు.

రట్టరు 1966లో రోగులైన తలిదండ్రుల బిడ్డలనుగూర్చి ఒక చిన్న గ్రంథము ప్రకటించెను. మాడ్‌స్లీ వైద్యశాలలోని బాలుర మనోవైద్య విభాగమునకు వచ్చు పిల్లలను, వేఱు చికిత్సలకై వచ్చు పిల్లలతో పోల్చిచూచెను. మనోవ్యాధి గల తలిదండ్రులు మొదటివారిలో హెచ్చుగా నుండిరి. ఇది ఎవరైన ఊహింపగలది. ఊహింపరానిది వేఱు. తల్లికో తండ్రికో వచ్చిన రోగమునకు వైద్యుడు పెట్టిన పేరు బిడ్డకు కలుగు హానిని అంతగా నిర్ణయింపదని ఆయన కనుగొనెను. రోగమెన్నాళ్లు నిలిచినది, రోగి భ్రమలలోనికి బిడ్డ లాగబడినాడా, రోగి కోపమునకు బిడ్డ గుఱియైనాడా, ఇంట భార్యాభర్తల నడుమ కలహమెంత, రెండవవారు ఆరోగ్యముగా నున్నారా, ఈ సంగతులే హానిని నిర్ణయించునవి. తరువాత క్వింటన్ అను సహచరునితో కూడి అట్టి కుటుంబములను నాలుగేండ్లపాటు చూచి 1984లో ప్రకటించిన ఫలితమును క్లుప్తముగా చెప్పవచ్చును: బిడ్డలలో మూడవవంతు మంది నిలకడగా బాధపడిరి, మూడవవంతు కొంతకాలము బాధపడి తేఱుకొనిరి, మూడవవంతునకు చెప్పదగిన బాధయే లేదు.

1979లో ఆయనయే చెప్పిన యింకొక మాట కుటుంబములవారు తప్పక తెలిసికొనదగినది. తీవ్రమైన దాంపత్యకలహము, దారిద్ర్యము, ఇఱుకింట పెద్ద సంసారము, తండ్రి నేరస్థుడగుట, తల్లి మనోవ్యాధి, బిడ్డ యిల్లు వదలి అన్యుల పోషణకు పోవుట, ఈ యాఱింటిలో ఒక్కటి మాత్రమే యున్న పిల్లలకు, ఏదియు లేని పిల్లలకంటె మనోబాధలు హెచ్చుగా లేవు. రెండు కూడినచో నాలుగురెట్లయ్యెను. అనగా తల్లికి మతి తప్పినను, ఇంట కలహములేక, అన్నమునకు లోటులేక, మఱొకరి చేయి బిడ్డ తలపై నున్నచో, ఆ బిడ్డ చాలవఱకు నిలదొక్కుకొనును. తల్లి రోగమును మాన్పుట మన చేతిలో లేకపోవచ్చును. రెండవభారము పడకుండ చూచుట అత్తకును, పినతల్లికిని, పొరుగింటికిని గూడ సాధ్యమే.

త్రాగుడు విషయమున ఇదే సంగతిని బిడ్డల నోటనే వినినది కెనడా దేశమున టొరాంటోలోని మార్గరెట్ కార్కు అను సాంఘికసేవకురాలు. పది మొదలు పదునాఱేండ్ల ప్రాయముగల 115మంది త్రాగుబోతుల బిడ్డలతో మాటలాడి 1969లో ఆమె ప్రకటించిన పుస్తకమునకు 'మఱువబడిన బిడ్డలు' అని పేరు. మీకన్నింటికంటె బాధ కలిగించునదేమి యని యడుగగా, తండ్రి త్రాగుట యని గాని మత్తులో పడియుండుట యని గాని చెప్పినవారు కొలదిమంది మాత్రమే. మిగిలినవారిలో ఇంచుమించు అందఱును తలిదండ్రుల పోట్లాట యనిరి. మనయిండ్లలో సంస్కర్తలు సీసాను జూచి ఉపన్యాసము లిచ్చుచుండగా, గోడవైపు తిరిగి కన్నులు మూసికొన్న బిడ్డ కేకలను వినుచున్నది. ఆ కేకలలో త్రాగనివారివియు ఉండును. ఇది అప్రియమైన మాటయే. త్రాగుబోతు భార్య యోర్పు వహింపవలెనని దీని యర్థము కాదు. బిడ్డ వేదన యెక్కడ పుట్టుచున్నదో తెలిసికొనక చేసిన సంస్కరణము బిడ్డను చేరదనియే.

త్రాగుడు రక్తమున వచ్చునా యింట వచ్చునా యను వాదమును ఇచ్చట పొడిగింపను. వేఱొక కుటుంబమున పెరిగిన త్రాగుబోతుల బిడ్డలలో త్రాగుడు అరుదని 1940 తరువాత ఆన్ రో అను పరిశోధకురాలు చెప్పెను. 1973లో డెన్మార్కున దత్తపుత్రులను పరిశీలించిన గుడ్విన్, త్రాగుబోతుల కొడుకులు అన్యుల యింట పెరిగినను నాలుగురెట్లు హెచ్చుగా త్రాగుడులో పడుదురనెను. రెంటిలోను నిజము కలదు. ఏదైనను బిడ్డ ఈ రాత్రి భయపడకుండుటకు వాదము తేలువఱకు ఆగవలసిన పని లేదు.

పసిఫిక్ మహాసముద్రమున హవాయి ద్వీపములలో కవాయి అను చిన్నదీవి కలదు. 1955లో అచ్చట పుట్టిన 698మంది శిశువులను ఎమ్మీ వెర్నరు మొదలగువారు నలువదియేండ్ల ప్రాయమువఱకు వెంబడించిరి. వారిలో 201మందికి దారిద్ర్యము, ప్రసవకష్టము, కలహము, తలిదండ్రుల మనోవ్యాధి లేక త్రాగుడు మొదలగు ఆపదలు రెండేండ్లు నిండకముందే నాలుగేసి యంతకు మించియో కలవు. వీరిలో 72మంది ఎట్టి గండమును లేక చక్కని యువకులును యువతులునై పెరిగిరి. కారణములు వెదకగా, కొంత బిడ్డ స్వభావమున దొరకెను. పెక్కు బయట దొరకెను. తల్లియో తండ్రియో కానివాడు, తాతయో, అవ్వయో, పొరుగింటి స్త్రీయో, బడిలోని యుపాధ్యాయుడో, ఎవరో యొకరు ఆ బిడ్డను స్థిరముగా తన మనిషిగా చూచుకొనిరి. మన యుమ్మడికుటుంబమును పొగడుటకు ఇది మంచి యవకాశమని కొందఱికి తోచును. ఉమ్మడి యింటిలో అవ్వ యొడియు నుండును, 'నీ తల్లి పిచ్చిది' యని రోజుకు పదిమాఱులు చెప్పు నోరును నుండును. ఏది ఎక్కువయో ఆ యింటిని బట్టి యుండును.

బడి సంగతి చెప్పవలసినచో, పిల్లవాడు చేరునప్పుడు రిజిస్టరులో తండ్రి పేరు, వృత్తి, పుట్టినతేది, రెండు పుట్టుమచ్చలు వ్రాసికొందుము. ఇరువదియేండ్లుగా నే నిట్లే వ్రాయుచున్నాను. మూడవపీరియడులో నిద్రపోవు పిల్లవాడు రాత్రి యెందుకు నిద్రపోలేదో తెలియుటకు ఆ పుట్టుమచ్చలు ఉపయోగింపవు. కవాయి ఉపాధ్యాయులు ఏ శాస్త్రము చదివి ఆ పని చేసిరో నాకు తెలియదు గాని, పిల్లవాని మొగము చూచుటకు శాస్త్రము కావలసినట్లు తోపదు.

ఇక పొరబాటు సంగతి. ఇట్టి ఫలితములు వెలువడగానే 1970 ప్రాంతముల కొందఱు పండితులు గాయము తగులని బిడ్డ యను మాట పుట్టించిరి. పత్రికలు ఆ మాటను ఎత్తుకొనెను. ఏ నిప్పునను కాలని ప్రహ్లాదునివంటి పిల్లలు కొందఱుందురని జనులు నమ్మసాగిరి. పిల్లలు స్వభావముచేతనే గట్టివారైనచో ప్రభుత్వములు వైద్యులు ఉపాధ్యాయులు చేయవలసినదేమున్నది? బ్లాయిలరు చెప్పిన రెండవమాట మఱపునకు వచ్చినది ఇక్కడనే. మినెసోటాలో అట్టి పిల్లలను పరిశీలించిన నార్మన్ గార్మెజీయు, లండనులో రట్టరును ఈ మాటను త్రోసివేసిరి. గాయము తగులని బిడ్డ లేదు. తగిలియు కోలుకొను బిడ్డ కలదు. కోలుకొనుట బిడ్డలోని శక్తి మాత్రము కాదు, చుట్టునున్నవారు కూర్చిన వసతి గూడ ననిరి.

ఆ వసతి కూర్చుటకు జరిగిన ప్రయత్నములలో కొన్ని సామాన్యులవే. 1957లో కాలిఫోర్నియాలో త్రాగుబోతుల బిడ్డలు కొందఱు తమలోతాము కూడి మాటలాడుకొనుటకు అలటీన్ అను సమావేశము లేర్పఱచుకొనిరి. ఇంగ్లండున 1948లో కాసెల్ వైద్యశాలలో థామస్ మెయిన్ అను వైద్యుడు మనోరోగముతో వచ్చిన తల్లిని బిడ్డతో గూడ చేర్చుకొనెను. అంతవఱకు తల్లి ఆసుపత్రికి, బిడ్డ మఱియొకచోటికి.

బోస్టనులో విలియం బియర్డ్‌స్లీ చేసిన పని మాత్రము వివరముగా చెప్పదగినది. తీవ్రమైన విషాదరోగము, అనగా డిప్రెషను గల తలిదండ్రుల పిల్లలలో చక్కగా నున్న యువకులను పిలిచి ఆయన విచారించెను. వారందఱిలో ఒక తెలివి సామాన్యముగా నుండెను: నాన్నకు రోగమున్నది, ఆ రోగమునకు నేను కారణము కాను, నేను వేఱు, ఆ రోగము వేఱు. ఇంత చిన్నమాట. ఐతే ఇది బిడ్డకు తనంత తోచదు. అమ్మ పలుకుట మానినప్పుడు, నిన్న నేను పాలు ఒలకబోసితిని గనుక అనుకొనుటయే ఆఱేండ్ల బిడ్డ తర్కము. కాబట్టి బియర్డ్‌స్లీ ఒక పద్ధతి కల్పించెను. వైద్యుడు మొదట తలిదండ్రులతోను, పిదప పిల్లలతోను వేఱువేఱుగా మాటలాడును. తుదకు కుటుంబమంతయు కూర్చుండి, రోగముగల తల్లియో తండ్రియో స్వయముగా తన రోగమును బిడ్డలకు చెప్పుట. వైద్యుడు చెప్పుట కాదు, రోగియే చెప్పుట. ఇందువలన రోగికి తలిదండ్రుల పదవి తిరిగివచ్చును. సుమారు నూఱు కుటుంబములలో దీనిని పరీక్షింపగా ఇండ్లలో పిల్లల సంగతి మాటలాడుట పెరిగెను, పిల్లలకు రోగము నర్థము చేసికొనుటయు పెరిగెను. ఇట్టి ప్రయత్నములు పదుమూడింటిని కలిపి, 1490మంది పిల్లల ఫలితములను 2012లో లెక్కవేసిన స్విట్జర్లండు పరిశోధకులు, తలిదండ్రుల రోగమే బిడ్డకు వచ్చు అపాయము నూటికి నలువదివంతులు తగ్గినదని తేల్చిరి. రక్తమును మార్చకయే తగ్గినది.

ఫిన్లండున టుట్టి సోలాన్‌టౌస్ అను వైద్యురాలు 2001నుండి ఈ పద్ధతిని దేశమందలి వైద్యశాలలకు వ్యాపింపజేసి, దానిని కురుచచేసి, రెండు సంభాషణలలో ముగియు తేలికపద్ధతియు కల్పించెను. నార్వేలో 2010 జనవరి 1 నుండి, మనోవ్యాధిగాని త్రాగుడుగాని తీవ్రమైన శరీరరోగముగాని గల వ్యక్తిని చికిత్స చేయు సిబ్బంది, ఆ రోగికి చిన్నబిడ్డలున్నారా యని తప్పక విచారింపవలెనని చట్టము నిర్బంధించెను. స్వీడనున గూడ అదే యేట అట్టి చట్టము వచ్చెను. బిడ్డలున్నారా? చూచితిరా, ఈ ప్రశ్న యడుగుటకు చట్టము కావలసివచ్చెను. అంతవఱకు రోగి చీటీలో నాడి, నిద్ర, ఆకలి, భ్రమలు ఉండెడివి. బిడ్డలు ఉండెడివారు కారు.

మనదేశమున మార్గము కొంత వేఱు. అమృతసరమున విద్యాసాగర్ అను వైద్యుడు 1950 తరువాత మనోవ్యాధి వైద్యశాల ఆవరణమున డేరాలు వేయించి, రోగుల బంధువులను వారితోనే యుండనిచ్చెను. రాయవేలూరున గూడ బంధువులతో రోగులను చేర్చుకొను పద్ధతి వచ్చెను. ఐరోపాలో మొదట రోగిని యింటినుండి వేఱుచేసి పిదప ఇంటిని వెదకిరి. ఇక్కడ ఇల్లే రోగి వెంట వచ్చెను. ఐనను ఇంటివారనగా పెద్దలు, సేవచేయువారు. బిడ్డ సేవచేయువారిలో చేరునే గాని సేవ పొందువారిలో చేరలేదు. 2009లో బెంగుళూరులోని నిమ్‌హాన్స్ సంస్థయందు తల్లియు పసిబిడ్డయు కలిసి చికిత్స పొందు విభాగము ఏర్పడెను.

త్రాగుడు సంగతి మన తెలుగువారికి వేఱుగా చెప్పనక్కఱలేదు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట స్త్రీలు సారాపై లేచిరి. 1993 అక్టోబరు 1 నుండి ఆంధ్రప్రదేశమంతట సారా నిషిద్ధమయ్యెను. 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధము వచ్చి, 1997లో సడలిపోయెను. అంగడి మూయుట తెఱచుట ఈ చరిత్రలో కనబడును. అంగడి మూసిన రెండేండ్లును బిడ్డలు ఎట్లుండిరి, తెఱచిన పిదప ఎట్లైరి అని టొరాంటోలో అడిగినట్లు వారినే కూర్చుండబెట్టి అడుగుట మన సంస్కరణములో భాగముగా నెన్నడును తలపబడలేదు. దేశమున మద్యమువలన సహాయము కావలసినంత హాని పొందువారు 5.7 కోట్లమంది యని 2019లో ప్రభుత్వమువారు ప్రకటించిన లెక్క. ఆ లెక్క త్రాగువారిది. వారి యింటిలోని బిడ్డల లెక్క అందులో లేదు.

2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టము ఇరువదియొకటవ సెక్షనున బిడ్డ ప్రస్తావన కలదు. చికిత్సకై చేరిన తల్లినుండి మూడేండ్లలోపు బిడ్డను సామాన్యముగా వేఱుచేయరాదు. తల్లివలన బిడ్డకు అపాయమున్నదని వైద్యుడు తలచి వేఱుచేసినచో పదునైదుదినముల కొకమాఱు ఆ నిర్ణయమును మరల విచారింపవలెను. ఎడబాటు ముప్పదిదినములు దాటినచో అధికారుల యనుమతి కావలెను. మంచి నిబంధనయే. మూడేండ్లు నిండి నాలుగవయేట నడుగిడిన బిడ్డనుగూర్చి గాని, చేరినవాడు తండ్రియైనప్పుడు ఇంటనున్న బిడ్డనుగూర్చి గాని ఆ సెక్షను ఏమియు చెప్పదు.